కత్తుల ఊళ్ళో గుడ్లు కోసే పెట్టె

కత్తి చాలా అనాగరికమైన వస్తువు. మనిషి గుహల్లో బతికిన రోజుల్లో పనికొచ్చింది, ఒప్పుకుంటాను. ఇప్పుడెందుకండీ?

ఈ మాట ఇంకో ఊరివాడు రాస్తే మీరు పేజీ తిప్పేసేవారు. నేను జపాన్‌లో కత్తులకి పేరుపడ్డ సెకి వాడిని. మా ఊళ్ళో తాతల కాలం నుంచి కత్తి చేసేవాళ్ళు, కత్తి నూరేవాళ్ళు, కత్తి అమ్మేవాళ్ళు, వీళ్ళ ముగ్గురి గురించీ గొప్పలు చెప్పేవాళ్ళు తప్ప ఇంకెవరూ లేరు. ఇక్కడ గోళ్ళు తీసుకునే కట్టర్ కొన్నా దాని వంశం ఏమిటని అడుగుతారు!

అలాంటి ఊళ్ళో నిలబడి చెబుతున్నాను. ఆడవాళ్ళని ఉద్ధరించింది కత్తి కాదు, ఏ వస్తువైనా నూట పది యెన్లకే అమ్మే చవక దుకాణం. రుజువు కావాలా? మా వీధి సవాకో గారికి జరిగింది వినండి.

సవాకోకి అరవై ఏళ్ళు. భర్త ఇవావో కత్తులకి పదును పెట్టే మనిషి. ఇంటి ముందు గదే ఆయన పనిచోటు. నీళ్ళ తొట్టి, వరసగా సానరాళ్ళు, కూర్చునే చోట నున్నగా అరిగిపోయిన చెక్క పీట. ఆయన నూరిన కత్తి మీద వెంట్రుక వాలితే రెండవుతుంది. ఒసాకా హోటళ్ళ వంటవాళ్ళు తమ కత్తులు ఆయనకి పార్సిల్ పంపించి, అవి తిరిగొచ్చేదాకా పెళ్ళాం పుట్టింటికెళ్ళిన మొగుళ్ళలా దిగాలుగా తిరుగుతారని చెప్పుకుంటారు.

అంత గొప్పవాడికి భార్య కావడం ఎంత అదృష్టం! అనుకుంటున్నారు కదూ? ఆ ఇంట్లో ఒక్క పూట భోజనం చేసి చూడండి.

సవాకో వడ్డిస్తుంది. ఇవావో చాప్‌స్టిక్స్‌తో ముల్లంగి ముక్కని పైకెత్తుతాడు. నోట్లో పెట్టుకోడానికి కాదు. లైటు వైపు పట్టుకుని, ఒక కన్ను మూసి, వజ్రాల వ్యాపారిలా చూస్తాడు.

"ఈ పక్క మందంగా ఉందే."

తరవాత కీర దోసకాయ. "ఇది కోసినట్టు లేదు, కొరికినట్టుంది."

తరవాత ఉల్లిపాయ. "దీన్ని తరిగావా, బెదిరించి వదిలేశావా?"

ఇంట్లో మనుషులుంటే ఇంకా హుషారు. అందరూ నవ్వుతారు. సవాకో కూడా నవ్వుతుంది. ముప్పై అయిదేళ్ళు నవ్వింది. దవడలు నొప్పెట్టాయి గానీ ముల్లంగి మాత్రం ఏ ఒక్కనాడూ ఆయనకి నచ్చేలా తెగలేదు. కూరలో రుచి ఉందో లేదో చెప్పేదాకా ఆయన విచారణ ఎప్పుడూ రాలేదు. కోత దగ్గరే కేసు కొట్టేసేవాడు.

ఇలాంటి సమయంలో సవాకోని కాపాడిన మహానుభావురాలు పక్కింటి హత్సుమి. ఆవిడ నూట పది యెన్ల దుకాణంలో బిల్లు వేస్తుంది.

"సవాకో అక్కా, ఇది చూడు," అని ఒకరోజు దువ్వెనలాంటిది ఒకటి చేతిలో పెట్టింది. దానికి పళ్ళ బదులు చిన్న చిన్న బ్లేడ్లున్నాయి. ఉల్లికాడ మీద ఒక్కసారి గీస్తే చాలు, జుట్టంత సన్నటి పోగులు!

సవాకో గీసింది. చూసింది. మళ్ళీ గీసింది. ఆ పూట ఇంట్లో ఉన్న ఉల్లికాడలన్నీ అయిపోయాయి.

అంతే! మర్నాటి నుంచి ఆవిడ ఆగలేదు. గుడ్డు ఉడికేటప్పుడు పగలకుండా దాని అడుగున సూదంత బెజ్జం పెట్టే పరికరం. స్ట్రాబెర్రీ తొడిమ పీకే పరికరం. చేప డబ్బాలోంచి నూనె వంచే పరికరం. దోసకాయ జారిపోకుండా పట్టుకునే పరికరం. ఆ పట్టుకునేది జారిపోకుండా కింద వేసే రబ్బరు పరికరం. పొంగే గిన్నె మూతని నిలబెట్టేది. గుండ్రటి గుడ్డుని చతురస్రం చేసేది!

చతురస్రం గుడ్డు ఎందుకని అడక్కండి. గుడ్డు గుండ్రంగా ఎందుకుండాలని మీరెప్పుడైనా కోడిని అడిగారా?

ఇందులో సగం పనికిరాని సామానని నాకు తెలుసు. అరటిపండు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా సంగతే తీసుకోండి. అరటిపండు ఆకారంలోనే ఉంటుంది. కానీ ప్రపంచంలో ఏ అరటిపండూ దాన్ని చూసి పెరగదు కదా! అది ఒక పక్కకి వంగితే పండు ఇంకో పక్కకి వంగుతుంది. సవాకో చివరికి అందులో కళ్ళజోడు పెట్టుకుంది. చక్కగా సరిపోయింది. చూశారా! మంచి కత్తి కొంటే అది కత్తిగా తప్ప ఇంకెందుకూ పనికిరాదు. చవక వస్తువుకి ఆ పట్టుదల ఉండదు.

అన్నిటికన్నా సవాకో ప్రాణం పెట్టుకున్నది మాత్రం గుడ్లు కోసే పెట్టె. అరచేతంత ఉంటుంది. ఉడికించిన గుడ్డుని గుంటలో పెట్టి, పది తీగలున్న మూతని కిందికి నొక్కాలి. అన్నీ ఒకే మందం! భూతద్దం పెట్టి చూసినా వంక పెట్టలేరు.

అదే కొంప ముంచింది. ఒక రాత్రి భోజనంలో ఇవావో గుడ్డు చక్రాన్ని లైటు వైపు పట్టుకున్నాడు. కన్ను మూశాడు. రెండో ముక్క ఎత్తాడు. మూడోది ఎత్తాడు. మూసిన కన్ను తెరిచాడు.

"ఇది నువ్వు కోసింది కాదు."

మెచ్చుకోవడం చేతకాని మనిషికి అనుమానం బాగా చేతనవుతుంది. లేచి వెళ్ళి వంటింటి సొరుగులన్నీ లాగాడు. బియ్యం డబ్బా వెనక ఉన్న అట్టపెట్టె దొరికింది. ఒక్కొక్క పరికరాన్నీ తీసి, చచ్చిన ఎలకని తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తి చూశాడు.

"ఏమిటే ఇది? తీగలు! గుడ్డు కోస్తావా, వీణ వాయిస్తావా?"

"పని అవుతోంది కదండీ," అంది సవాకో.

"నేను ఊరందరి కత్తులూ నూరుతాను. నా ఇంట్లో ప్లాస్టిక్కా? ఎవరికైనా తెలిస్తే సెకిలో తలెత్తుకు తిరగగలనా? రేపొద్దున ఇవన్నీ చెత్తలోకి వెళ్ళాలి."

అనడం తేలిక. మా ఊళ్ళో చెత్త పారెయ్యడమంటే ఏమనుకున్నారు? మండేది ఒక రోజు, మండనిది ఇంకో రోజు, ప్లాస్టిక్ వేరే సంచీ, లోహం వేరే సంచీ. ఇవావో పొద్దున్నే స్క్రూడ్రైవర్ పట్టుకుని ప్లాస్టిక్కునీ బ్లేడునీ విడదీయడానికి కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఉల్లికాడల దువ్వెన ఒక్కటి విడింది. అందులోంచి ఎగిరిన బ్లేడు ఎక్కడ పడిందో మాత్రం ఎవరికీ తెలీదు. ఆ తరవాత రెండ్రోజులు ఇద్దరూ ఇంట్లో చెప్పులు లేకుండా నడవలేదు.

గోడ అవతలి నుంచి హత్సుమి తల పెట్టింది. "ఎందుకన్నయ్యా అంత శ్రమ? పెట్టెతో సహా నాకివ్వండి, దుకాణంలో వాళ్ళ చెత్తతో పాటు పంపించేస్తాను."

ఇవావో బతుకు జీవుడా అనుకుని ఇచ్చేశాడు. హత్సుమి ఆ పెట్టెని తీసుకెళ్ళి భద్రంగా తన మంచం కింద దాచింది.

ఇక్కడిదాకా మామూలు కథే. ఏ ఇంట్లోనైనా జరిగేదే. మామూలు భార్య అయితే రెండు రోజులు ముఖం మాడ్చుకుని మళ్ళీ కత్తి పట్టేది. సవాకో పట్టలేదు.

ఆ సాయంత్రం మిసో చారు గిన్నె మూత తీసిన ఇవావోకి అందులో ఒక ఉల్లికాడ కనిపించింది. ముక్కలు కాదు. కాడ. వేరు దగ్గర నుంచి ఆకు చివర దాకా, గిన్నెలో మూడు చుట్లు చుట్టుకుని పడుకుని ఉంది.

"ఇదేమిటి?"

"ఉల్లికాడ."

"తరగలేదే?"

"తరగడం నాకు రాదు కదండీ. ముప్పై అయిదేళ్ళుగా మీరే చెబుతున్నారు. ఇవాళ్టికి అర్థమైంది."

ఆవిడ అరవలేదు. ఏడవలేదు. వంట మానలేదు కూడా. మర్నాడు పొద్దున ఒక కారెట్టు, ఒక్కటే, మొత్తంగా. మధ్యాహ్నం అర చెయ్యి పొడుగున్న ముల్లంగి, ఉడికి, ప్లేటు దాటి బల్ల మీదికి చాచుకుని. క్యాబేజీ అయితే బంతిలా వచ్చి బల్ల మీద కూర్చుంది. ఇవావో దానికి ఎటు నుంచి దాడి చెయ్యాలో తెలియక కాసేపు చుట్టూ చూశాడు.

పంతం ఆయనకీ ఉంది. కారెట్టుని కుందేలులా కొరికాడు. ఉల్లికాడని నూడుల్స్‌లా జుర్రాడు. "బాగానే ఉంది," అన్నాడు, గొంతులో ఇరుక్కున్నదాన్ని నీళ్ళతో దింపుకుంటూ. ఇలా ఎనిమిది రోజులు!

తొమ్మిదో రోజున ఫోన్ మోగింది. కత్తుల సంఘం పెద్ద హిరోసె గారు. అక్టోబరులో మా ఊరి కత్తుల జాతర. ఆ ఏడు నడివీధి దుకాణం, అంటే అందరి కళ్ళూ పడే పెద్ద దుకాణం, ఇవావోకి ఇద్దామని సంఘం అనుకుంటోంది. జాతర ముందు పెద్దాయన ఆ మనిషి ఇంటికొచ్చి, అతను నూరిన కత్తితో చేసిన వంట తినడం ఆనవాయితీ.

"ఎల్లుండి సాయంత్రం వస్తున్నానోయ్. మీ ఆవిడకి చెప్పు," అన్నారు హిరోసె గారు.

ఇవావో ఇరవై ఏళ్ళుగా ఆ దుకాణం కోసం ఎదురుచూస్తున్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడి దగ్గాడు. సవాకో వెనక్కి తిరగలేదు.

"ఎల్లుండి హిరోసె గారు వస్తున్నారు."

"రానివ్వండి. పెద్ద క్యాబేజీ తెస్తాను."

"సవాకో..."

"అన్నం ఉడికిస్తాను. చారు కాస్తాను. కోయడం మాత్రం మీరు చూసుకోండి. కత్తి మీదే, పదునూ మీదే."

ఇందులో కష్టమేముంది అనుకున్నాడు ఇవావో. జాతరలో ఏటా టమాటా మీద కత్తి ఆనించి, కాగితంలాంటి ముక్క తీసి జనానికి చూపించే మనిషి! అయితే ఆయన జీవితంలో కోసింది ఆ టమాటాలే, అదీ ఒక్కో ముక్కే. మిగతా టమాటా ఏమయ్యేదో ఆయనకి తెలియదు. సవాకో ఇంటికి తెచ్చి కూర చేసేది.

ఆ ఎల్లుండి సాయంత్రం వంటింట్లో జరిగింది వర్ణించడం కష్టం. ఉల్లిపాయ ముందు నిలబడి ఇవావో తన తల్లి పోయినప్పుడు కూడా ఏడవనంత ఏడిచాడు. గుండ్రటి బంగాళాదుంప పలకలు పలకలుగా తేలింది. పడవలా ఒక ముక్క, పచ్చడిలా ఒక ముక్క. ఉడికించిన గుడ్డు మీద కత్తి దించితే పచ్చసొన బ్లేడుకి అంటుకుని లేచొచ్చింది. ఎంత పదునైతే అంత గట్టిగా పట్టుకుంది. దాన్ని దులపబోయాడు. ఎడమ బొటనవేలు తెగింది.

తన పనితనం ఎంత గొప్పదో ఆయనకి అప్పుడే తెలిసింది. వేలు తెగిన సంగతి రక్తం కనిపించేదాకా తెలియలేదు!

సవాకో వచ్చి చూసింది. వేలు కడిగి, గుడ్డ గట్టిగా చుట్టి, ఆయన్ని పీట మీద కూర్చోబెట్టింది. వీధి మలుపులో హిరోసె గారి కారు ఆగిన చప్పుడైంది.

ఇవావో తలెత్తాడు. ఆ ముఖంలో పంతం లేదు, గొప్పా లేదు. "ఏం చేద్దామే?" అన్నాడు మెల్లగా.

ముప్పై అయిదేళ్ళలో ఆ ప్రశ్న ఆవిడని అడగడం అదే మొదటిసారి. సవాకోకి మనసు కరిగిందని రాయను. ఎనిమిది రోజులు కారెట్లు తిన్న మనిషిని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది, అంతే. గోడ దగ్గరికెళ్ళి పిలిచింది.

"హత్సుమీ! పెట్టె!"

అట్టపెట్టె గోడ మీంచి వచ్చింది. ఇవావో హిరోసె గారికి ముందు గదిలో సానరాళ్ళు చూపించిన ఇరవై నిమిషాలు చాలాయి! క్యాబేజీ పోగులు పోగులుగా రాలింది. ఇవావో విడగొట్టిన దువ్వెన స్థానంలో హత్సుమి కొత్తది పెట్టి ఉంచింది. టోఫు మీద ఉల్లికాడలు మేఘంలా వాలాయి. బంగాళాదుంప సలాడ్ చుట్టూ గుడ్డు చక్రాలు వరసగా కూర్చున్నాయి.

హిరోసె గారు తిన్నారు. గుడ్డు ముక్కని ఎత్తి ఆయన కూడా లైటు వైపు పట్టుకున్నారు. మా ఊరి మగాళ్ళందరికీ ఉన్న జబ్బే అది.

"ఆహా! ఒక్క ముక్కా చెదరలేదు. సొన ఒక్క రవ్వ రాలలేదు. కత్తంటే ఇదీ! ఇవావో, ఈ ఏడు దుకాణం నీదేనయ్యా."

సవాకో భర్త వైపు చూసింది. ఇవావో కట్టు కట్టిన బొటనవేలిని బల్ల కిందికి దించాడు.

"ఏదో... మీ దయ," అన్నాడు.

సవాకో చారు గిన్నెలు తీసుకుని లోపలికెళ్ళిపోయింది. కొంపలో ఎవరూ వినకుండా హత్సుమితో గోడ దగ్గర అన్న మాట ఒకటుంది. పత్రికలో అచ్చు వెయ్యడానికి వీల్లేదు.

జాతర రోజు నడివీధిలో ఇసకేస్తే రాలనంత జనం. హిరోసె గారు ఇవావో కాలరుకి మైకు తగిలించి, తన గొంతుతోనే ప్రకటించారు. "ఈ ఏడు టమాటా కాదు! ఉడికించిన గుడ్డు! కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నా. ఇవావో కత్తికి ఒక్క రవ్వ అంటదు!"

ఇవావో ముఖం టోఫులా తెల్లబడింది. మొదటి గుడ్డు విరిగింది. ఎవరో దగ్గారు. రెండో గుడ్డు సొన కత్తితో పాటు పైకి లేచింది. ముందు వరసలో ఒక చిన్నపిల్ల "అయ్యో!" అంది. పక్కనే డబ్బాలో కత్తులు సర్దుతున్న సవాకో తలెత్తలేదు. ఏప్రాను జేబులో చెయ్యి మాత్రం పెట్టుకుంది.

"ఏమే," అన్నాడు ఇవావో నోరు కదపకుండా. "అది తెచ్చావా?"

"ఏది?"

"అదే."

"పేరు చెప్పండి. నా జేబులో చాలా ఉన్నాయి."

ఇవావో మింగుడుపడని దాన్ని మింగాడు. "గుడ్లు కోసే పెట్టె."

మైకు వేసి ఉందన్న సంగతి ఆయన మరిచిపోయాడు. గుడ్లు కోసే పెట్టె అన్న మాట నడివీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా మోగింది. ఎదుటి దుకాణంలో కత్తి నూరుతున్న ముసలాయన చెయ్యి ఆగిపోయింది.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. ఇవావో పెట్టె అందుకున్నాడు. గుడ్డు పెట్టాడు, మూత నొక్కాడు, తెరిచి జనానికి చూపించాడు.

"మొన్న హిరోసె గారు మెచ్చుకున్నది ఇది. నా కత్తి కాదు. కోసింది నేనూ కాదు. మా ఆవిడ. నాకు కోయడం రాదు. నూరడం ఒక్కటే వచ్చు. ఆ రోజు చెప్పకుండా ఊరుకున్నాను. తప్పు."

హిరోసె గారు ఇవావో చెవి దగ్గరికి వంగి రహస్యంగా అన్నారు. "ఊరుకోవయ్యా! మా ఇంట్లోనూ ఒకటుంది. ఎవరికీ చెప్పకు."

ఆ రహస్యం కూడా నడివీధంతా మోగింది.

అప్పుడు నవ్వారండీ జనం! ఆ నవ్వుల్లోంచి ఒక ముసలమ్మ కర్ర ఎత్తి అడిగింది. "నాయనా, అది ఎక్కడ దొరుకుతుంది?"

సాయంత్రానికి హత్సుమి దుకాణంలో గుడ్లు కోసే పెట్టె ఒక్కటి మిగల్లేదు. నెల తిరక్కుండానే వాటి తీగలు వదులయ్యాయనుకోండి. నూట పది యెన్లకి తీగ వస్తుంది, బిగువు రాదు. అప్పుడు జనం ఎక్కడికెళ్ళాలి? ఇవావో దగ్గరికే! తిట్టుకుంటూనే విప్పాడు, మంచి ఉక్కు తీగ వేసి బిగించాడు, గోటితో మీటి శ్రుతి చూశాడు. ఇప్పుడు పనిచోట్లో ఒక గూటినిండా అవే.

కాబట్టి పాఠకులారా, చవక పరికరాలు తప్పకుండా కొనండి! పది కొంటే ఆరు అటకెక్కుతాయి, మూడు విరుగుతాయి, ఒకటి మీ సంసారాన్ని నడివీధిలో మైకులో పెడుతుంది. ఇంత మేలు ఖరీదైన వస్తువు చేస్తుందా?

అన్ని సమస్యలూ తీరాయా అంటారా? మొన్న నవంబరు చలిలో ఆ ఇంట్లో జరిగింది కూడా చెప్పేస్తాను.

సవాకో ముల్లంగి పులుసు పెట్టింది. ఇవావో ముక్క ఎత్తాడు. చెయ్యి అలవాటుగా లైటు వైపు వెళ్ళింది. మధ్యలో ఆగింది. నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"బావుంది," అన్నాడు.

సవాకో చాప్‌స్టిక్స్ కింద పెట్టింది. ఆ మాట ఇంట్లో కొత్తగా కొన్న కుర్చీలా ఉంది. ఎక్కడ సర్దాలో తెలియలేదు.

"కానీ కొంచెం..." అన్నాడు ఇవావో.

"కొంచెం? కొంచెం ఏమిటి?"

"కొంచెం ఇంకా వెయ్యి."

సవాకోకి నవ్వొచ్చింది. ఈసారి దవడ నొప్పి పుట్టలేదు. "గిన్నె పొయ్యి మీదే ఉంది. మీకూ చేతులున్నాయి," అంది.

ఇవావో లేచాడు. పొయ్యి దగ్గరికెళ్ళాడు. గిన్నె మూత తీశాడు. ఊళ్ళో ఏ ఇంట్లో ఏ కత్తి అంచు ఏ మూల అరిగిందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి, తన వంటింటి మధ్యలో ఖాళీ కప్పు పట్టుకుని నిలబడి, చుట్టూ చూసి, వెనక్కి తిరిగాడు.

"గరిటె ఎక్కడుంటుందే?"

ముప్పై అయిదేళ్ళు! ముప్పై అయిదేళ్ళు ఆ ఇంట్లో తిన్న మనిషండీ!

సవాకో తన పులుసు గిన్నె దగ్గరికి లాక్కుంది. చాప్‌స్టిక్స్ అందుకుంది. వేడిగా ఉన్న ముక్క ఒకటి నోట్లో వేసుకుంది.

"వెతుక్కోండి," అంది.